56 తప్పుల కుర్రాడిని యాంకీస్ ఎందుకు వదులుకోలేదు? డెరెక్ జీటర్ తొలి ఐదేళ్ళు

[తెర మీద: నల్లటి బోర్డు, మధ్యలో ఒకే అంకె: 56]

1993. అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రం, గ్రీన్స్‌బరో ఊరు. పందొమ్మిదేళ్ళ కుర్రాడొకడు అక్కడి బేస్‌బాల్ జట్టుకి షార్ట్‌స్టాప్‌గా 126 మ్యాచ్‌లు ఆడాడు. ఫీల్డింగ్‌లో అతని పేరు మీద పడిన తప్పులు 56. ఆ జట్టు ఆడే కింది స్థాయి లీగ్‌లో అదొక రికార్డు. ఏ ఆటగాడూ కోరుకోని రికార్డు.

అదే ఏడాది ఆ లీగ్‌లో జట్లని నడిపించే మేనేజర్లంతా ఓటు వేశారు. మేజర్ లీగ్‌లో, అంటే బేస్‌బాల్ పైమెట్టులో, రాణించే సత్తా అందరికన్నా ఎవరికి ఎక్కువ ఉందని అడిగితే వాళ్ళు చెప్పింది ఈ కుర్రాడి పేరే. ఇంకా వింత ఏంటంటే, 'బేస్‌బాల్ అమెరికా' పత్రిక ఆ లీగ్‌లో ఫీల్డింగ్‌లో మేటి షార్ట్‌స్టాప్ కూడా ఇతనేనని రాసింది.

ఒకే సీజన్, ఒకే మనిషి. 56 తప్పులూ నిజమే, ఈ పొగడ్తలూ నిజమే. ఇది ఎలా కుదిరింది? డెరెక్ జీటర్ అనే పేరు వినగానే అందరికీ న్యూయార్క్ యాంకీస్, ట్రోఫీలు గుర్తొస్తాయి. న్యూజెర్సీలో ఉండే మన తెలుగువాళ్ళలో ఆట తెలియనివాళ్ళకి కూడా ఆ పేరు తెలుసు. నాకు మాత్రం అతని కథలో అన్నిటికన్నా విలువైన భాగం ఆ ట్రోఫీలకి ముందున్నదే.

[తెర మీద: మైదానం బొమ్మ. నాలుగు బేస్‌లు. రెండో, మూడో బేస్‌ల మధ్య ఎర్రటి చుక్క]

ముందు షార్ట్‌స్టాప్ అంటే ఏంటో చూద్దాం. బ్యాటర్ నిలబడే చోటుని హోమ్ ప్లేట్ అంటారు. అక్కడి నుంచి మొదటి బేస్‌కి 90 అడుగులు. బంతిని కొట్టిన వెంటనే బ్యాటర్ ఆ 90 అడుగులూ పరుగెత్తాలి. రెండో బేస్‌కి, మూడో బేస్‌కి మధ్య, కాస్త వెనగ్గా నిలబడేవాడు షార్ట్‌స్టాప్. బ్యాటర్లలో ఎక్కువమందిది కుడిచేతి వాటం. వాళ్ళు బలంగా లాగి కొట్టిన బంతి ఎక్కువగా ఇటువైపే వస్తుంది, అదీ నేలని రాసుకుంటూ, ఎక్కడ ఎగురుతుందో తెలియకుండా. దాన్ని పట్టుకుని, కాళ్ళు సర్దుకుని, వంద అడుగుల పైచిలుకు దూరంలో ఉన్న మొదటి బేస్‌కి సూటిగా విసరాలి. బ్యాటర్ అక్కడికి చేరడానికి పట్టేది సుమారు నాలుగు సెకన్లు. ఈ పనంతా ఆ నాలుగు సెకన్లలోపే అయిపోవాలి.

క్రికెట్‌లో ఫీల్డర్ చేతిలోంచి బంతి జారితే ఒకటో రెండో పరుగులు పోతాయి, కెమెరా అతని ముఖం మీదికి వెళ్తుంది. అంతే. స్కోరు కార్డులో అతని పేరు పడదు. బేస్‌బాల్‌లో పడుతుంది. అధికారిక స్కోరర్ ఒకాయన కూర్చుని ప్రతి బంతినీ చూస్తాడు. మామూలు ప్రయత్నంతో అవుట్ చెయ్యాల్సిన చోట ఫీల్డర్ చెయ్యలేకపోతే 'ఎర్రర్' అని రాస్తాడు. అది అతని లెక్కలో శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని మనసులో పెట్టుకోండి. బంతి దగ్గరికి చేరుకోలేని ఫీల్డర్‌కి సాధారణంగా ఎర్రర్ పడదు. పరుగెత్తి వెళ్ళి, చెయ్యి పెట్టి, తడబడితేనే పడుతుంది. అంటే ఎర్రర్ల సంఖ్య ఒక్కటే చూసి ఫీల్డర్ మంచివాడో కాదో తేల్చలేం.

[తెర మీద: మిషిగన్ రాష్ట్రం మ్యాప్, కలమజూ ఊరు]

జీటర్ 1974 జూన్ 26న న్యూజెర్సీలో పుట్టాడు. పెరిగింది మిషిగన్‌లోని కలమజూలో. నాన్న చార్ల్స్ కాలేజీ రోజుల్లో షార్ట్‌స్టాపే. పిల్లాడు వేసవి సెలవులకి న్యూజెర్సీలో అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళేవాడు, అక్కడి నుంచి యాంకీస్ మ్యాచ్‌లకి. పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే యాంకీస్‌కి షార్ట్‌స్టాప్ అవుతానని చెప్పేవాడు.

1992లో హైస్కూల్ అయిపోయే సరికి దేశంలో పేరున్న కుర్రాళ్ళలో ఒకడయ్యాడు. జూన్‌లో డ్రాఫ్ట్ జరిగింది. జట్లు వరుస క్రమంలో ఒక్కొక్క ఆటగాణ్ణి ఎంచుకునే పద్ధతి అది. మొదటి అవకాశం హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ది. ఆ జట్టుకి కొత్త ఆటగాళ్ళని వెతికిపెట్టే స్కౌట్ హాల్ న్యూహౌసర్, ఒకప్పుడు తనే గొప్ప పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. జీటర్‌నే తీసుకోండని పట్టుబట్టాడు. క్లబ్ వినలేదు. కుర్రాడు డబ్బు ఎక్కువ అడుగుతాడని భయపడి ఫిల్ నెవిన్‌ని తీసుకుంది. న్యూహౌసర్ ఆ ఉద్యోగమే వదిలేశాడు! పద్దెనిమిదేళ్ళు కూడా నిండని కుర్రాడి మీద అంత నమ్మకం పెట్టుకోవడం చిన్న విషయం కాదు. తర్వాత నాలుగు జట్లూ వేరేవాళ్ళనే ఎంచుకున్నాయి. ఆరో అవకాశం యాంకీస్‌ది. వాళ్ళ స్కౌట్ డిక్ గ్రోచ్ కోరుకున్నట్టే జీటర్ వాళ్ళకి దక్కాడు.

[తెర మీద: మెట్ల బొమ్మ. కింది నుంచి పైకి: రూకీ లీగ్, ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ, మేజర్ లీగ్]

డ్రాఫ్ట్‌లో ఎంపికైతే మర్నాడే టీవీలో కనిపిస్తారని మనం అనుకుంటాం. బేస్‌బాల్‌లో అలా కాదు. కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి. యాంకీస్ అతన్ని ఫ్లోరిడాలో టాంపాకి, కొత్తవాళ్ళు ఆడే రూకీ లీగ్‌కి పంపింది.

మొదటి రోజు ఏడుసార్లు బ్యాటింగ్‌కి వచ్చాడు. ఒక్క హిట్ లేదు, అంటే బంతిని కొట్టి బేస్‌కి క్షేమంగా చేరింది ఒక్కసారీ లేదు. ఐదుసార్లు స్ట్రైకౌట్, అంటే మూడు స్ట్రైక్‌లు పడి అవుట్. హైస్కూల్లో దాదాపు స్ట్రైకౌట్ అవడమే తెలియని కుర్రాడు అతను. 47 మ్యాచ్‌ల తర్వాత బ్యాటింగ్ యావరేజ్ .202, అంటే వెయ్యి అవకాశాల్లో 202 హిట్ల చొప్పున. .300 ఉంటే మంచి బ్యాటర్ అంటారు. .200 కంటే తగ్గితే పరువు తక్కువ. ఆఖరి మ్యాచ్‌లో ఆ గీత కిందికి జారిపోకుండా మేనేజర్ గ్యారీ డెన్బో అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టాడు. ఇల్లు గుర్తొచ్చి ఏడుపు, రోజూ అమ్మానాన్నలకి ఫోన్. నెలకి 400 డాలర్ల ఫోన్ బిల్లు. 1992లో అది చాలా పెద్ద మొత్తం.

అక్కడి నుంచి సీజన్ చివర్లో ఎ మెట్టులో ఉన్న యాంకీస్ కింది జట్టు గ్రీన్స్‌బరోకి పంపారు. 11 మ్యాచ్‌లలో తొమ్మిది ఎర్రర్లు. అప్పుడు ఆ జట్టులో హోర్హె పొసాడా, యాండీ పెటిట్ ఉన్నారు. తర్వాత ఏళ్ళ తరబడి అతనితో కలిసి ట్రోఫీలు ఎత్తినవాళ్ళే. బరువు 156 పౌండ్లు, అంటే 71 కిలోలు కూడా లేని ఈ బక్కపల్చటి పిల్లాడి గురించా ఇంత హడావుడి అని మొదట్లో వాళ్ళకీ అనుమానమే వచ్చింది.

[తెర మీద: గ్రీన్స్‌బరో పాత స్టేడియం రేఖాచిత్రం]

ఇప్పుడు 1993కి వద్దాం. గ్రీన్స్‌బరోలోని వార్ మెమోరియల్ స్టేడియం 1926 నాటిది. కింది మెట్టు లీగ్‌లలో నేల మేజర్ లీగ్ మైదానాల్లా నున్నగా ఉండదు. బంతి ఎలా పడితే అలా ఎగురుతుంది. దానికి తోడు ఆరడుగుల మూడంగుళాల కుర్రాడు. అంత పొడుగువాడు కిందికి వంగి, వేగంగా వచ్చే బంతికి గ్లోవ్ సరైన చోట పెట్టడం కష్టం. విసిరే చేతికి బలం బోలెడు, అదుపు తక్కువ. బంతి మొదటి బేస్ దాటి ఎక్కడికో పోయేది.

బ్యాటింగ్ మాత్రం గాడిలో పడింది. యావరేజ్ .295, పదకొండు ట్రిపుల్స్, అంటే ఒకే దెబ్బకి మూడో బేస్ దాకా చేరినవి. అయినా రోజు మార్చి రోజు ఎర్రర్. ప్రేక్షకుల ముందు, స్కోరు బోర్డు మీద. తర్వాతి బంతి కూడా తనవైపే రావాలని అలాంటప్పుడు కోరుకోగలగడం ఎంత కష్టమో, ఏ ఆటలోనైనా ఫీల్డింగ్ చేసినవాళ్ళకి తెలుస్తుంది.

ఇతన్ని సెంటర్ ఫీల్డ్‌కి, అంటే బేస్‌లకి బాగా వెనక మధ్య చోటికి, మారిస్తే పోలా అన్న మాట క్లబ్ లోపల వచ్చింది. పొడుగ్గా, వేగంగా ఉన్నాడు, అక్కడ సరిపోతాడు. సులువైన దారి అదే. యాంకీస్ ఆ పని చెయ్యలేదు. ఈ కథ మొత్తంలో నాకు అతి ముఖ్యంగా కనిపించే నిర్ణయం ఇది. ఎన్ని తప్పులు అని లెక్కపెట్టి ఊరుకోకుండా, ఎలాంటి తప్పులు అని వాళ్ళు చూశారు. బంతి దగ్గరికి చేరుతున్నాడా? చేరుతున్నాడు. చేతిలో బలం ఉందా? ఉంది. మరి ఏది చెడుతోంది? గ్లోవ్ పట్టే తీరు, కాళ్ళ కదలిక, విసిరేటప్పుడు తొందర. ఇవన్నీ నేర్పితే వచ్చేవి. వేగం, పొడుగు, చేతి బలం నేర్పితే రావు.

[తెర మీద: గ్లోవ్, నేల మీద బంతి. శరీరానికి ముందు చేతులు చాచిన ఆటగాడి బొమ్మ]

సీజన్ అయ్యాక అతన్ని టాంపాలో బ్రయన్ బటర్‌ఫీల్డ్ అనే కోచ్‌కి అప్పగించారు. అప్పుడు జీటర్ ఎడమ చేతికి దెబ్బ తగిలి ఉంది. బ్యాట్ పట్టుకోకూడదు. ఆ దెబ్బ ఒక రకంగా కలిసొచ్చిందంటాను, ఎందుకంటే చెయ్యడానికి ఫీల్డింగ్ తప్ప వేరే పని లేదు. ఐదు వారాల పాటు అదే పని. పొద్దున మైదానంలో వరసపెట్టి నేలబంతులు, తర్వాత అదే వీడియోలో చూసుకోవడం. బంతిని శరీరానికి దగ్గరగా కాకుండా చేతులు చాచి ముందే అందుకోవడం. గ్లోవ్‌ని బిగదీసి పొడవకుండా మెత్తగా బంతి వచ్చే దారిలో ఉంచడం. పట్టాక భుజం లక్ష్యం వైపు తిరిగేలా అడుగు వెయ్యడం. చెప్పుకోవడానికి చాలా చిన్న సంగతులు. రోజుకి ఎన్నిసార్లో చేస్తే గానీ ఒళ్ళు వినదు. కోచ్ చెప్పింది చెప్పినట్టు, విసుక్కోకుండా చేశాడు.

[తెర మీద: రెండు అంకెలు పక్కపక్కన. 1993: 56. 1994: 25]

1994లో ఎర్రర్లు 25కి తగ్గాయి. అదే ఏడాది ఒక్క సీజన్‌లో మూడు మెట్లు ఎక్కాడు: ఎ మెట్టులో పైస్థాయి టాంపా, డబుల్ ఎ ఆల్బనీ, ట్రిపుల్ ఎ కొలంబస్. మూడూ కలిపి యావరేజ్ .344, దొంగిలించిన బేస్‌లు (బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరినవి) 50. ఆ ఏడాది మేజర్ లీగ్ కిందున్న మైనర్ లీగ్‌లన్నిటిలో ఉత్తమ ఆటగాడిగా 'బేస్‌బాల్ అమెరికా' అతన్నే ఎంచుకుంది.

1995 మే 29న సియాటెల్‌లో మేజర్ లీగ్‌లోకి వచ్చాడు. సీనియర్ షార్ట్‌స్టాప్ టోనీ ఫెర్నాండెజ్ గాయపడటంతో దొరికిన అవకాశం. ఆ రోజు ఐదుసార్లు బ్యాటింగ్, సున్నా హిట్లు. మర్నాడు టిమ్ బెల్చర్ బౌలింగ్‌లో మొదటి హిట్ వచ్చింది. ఫెర్నాండెజ్ కోలుకోగానే జూన్‌లో మళ్ళీ కొలంబస్ పంపేశారు. అదే రోజు మరో కుర్రాణ్ణి కూడా కిందికి పంపారు. అతని పేరు మారియానో రివెరా. ఆ పేరు కాస్త గుర్తుంచుకోండి.

[తెర మీద: 1996 మార్చి, టాంపా]

యాంకీస్‌కి కొత్త మేనేజర్ వచ్చాడు, జో టోరీ. జీటరే మా షార్ట్‌స్టాప్ అని ముందే చెప్పేశాడు. జీటర్ మాత్రం విలేకరులతో ఆ చోటు గెలుచుకునే అవకాశం వచ్చిందని అన్నాడే గానీ, అది నాదైపోయింది అనలేదు. శిక్షణ శిబిరంలో తడబడ్డాడు కూడా. అంతలో అండగా ఉంటాడనుకున్న ఫెర్నాండెజ్ మోచెయ్యి విరిగింది. క్లబ్ యజమాని జార్జ్ స్టైన్‌బ్రెనర్‌కి టెన్షన్ మొదలైంది. ఆయన సలహాదారు క్లైడ్ కింగ్ కుర్రాడి ఆట చూసి, ఇంకా సిద్ధంగా లేడని తేల్చాడు.

టోరీ గదిలో సమావేశం. బల్ల మీద ఉన్న ప్రతిపాదన: సియాటెల్ నుంచి ఫెలిక్స్ ఫెర్మిన్ అనే అనుభవం ఉన్న షార్ట్‌స్టాప్‌ని తెచ్చుకోవడం. బదులుగా సియాటెల్ అడిగినవాళ్ళలో ఒకరు మారియానో రివెరా! తర్వాతి రోజుల్లో ఆట చివరి ఇన్నింగ్స్‌కి అంతకన్నా గొప్ప పిచర్ లేడని పేరు తెచ్చుకున్న రివెరా. శిబిరంలో కొద్ది రోజుల తడబాటు చూసి ఆ బేరం ఒప్పుకుని ఉంటే, ఒకే దెబ్బకి యాంకీస్ ఇద్దరినీ పోగొట్టుకునేది. జీన్ మైకేల్ లాంటివాళ్ళు అడ్డుపడ్డారు. ఆయన కూడా ఒకప్పుడు యాంకీస్ షార్ట్‌స్టాపే, ఆ చోటు ఎంత కష్టమో ఒంటికి తెలిసినవాడు. ఓపిక పడదామని అంతా కలిసి యజమానిని ఒప్పించారు.

[తెర మీద: 1996 ఏప్రిల్ 2, క్లీవ్‌లాండ్]

సీజన్ మొదటి మ్యాచ్. బ్యాటింగ్ వరసలో తొమ్మిదో స్థానం, ఆఖరివాడు. డెన్నిస్ మార్టినెజ్ వేసిన బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు, మేజర్ లీగ్‌లో అతని మొదటి హోమ్ రన్. అయితే ఆ రోజు నాకు ఎక్కువ నచ్చేది ఆ షాట్ కాదు. ఒమర్ విజ్కెల్ గాల్లోకి లేపిన బంతి బేస్‌ల చుట్టూ ఉన్న ఇన్‌ఫీల్డ్‌కీ, దాని వెనకున్న అవుట్‌ఫీల్డ్‌కీ మధ్య పడబోతోంది. జీటర్ వెనక్కి తిరిగి, హోమ్ ప్లేట్‌కి వీపు పెట్టి పరుగెత్తి, భుజం మీదుగా చూస్తూ పట్టేశాడు. మార్చిలో సిద్ధంగా లేడన్నారు కదా, ఆ మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

ఆ ఏడాది 157 మ్యాచ్‌లు, యావరేజ్ .314, 183 హిట్లు, 104 పరుగులు. ఎర్రర్లు 22. ఉత్తమ రూకీ (కొత్త ఆటగాడు) అవార్డుకి మొదటి స్థానం ఓట్లు 28కి 28 అతనికే. అక్టోబర్‌లో బాల్టిమోర్‌తో జరిగిన సిరీస్ మొదటి మ్యాచ్‌లో అతను కొట్టిన బంతిని, ఫీల్డర్ అందుకునేలోపు, పన్నెండేళ్ళ పిల్లాడు గోడ మీదికి వంగి స్టాండ్స్‌లోకి లాగేసుకున్నాడు. అంపైర్ హోమ్ రన్ ఇచ్చాడు, స్కోరు సమమైంది. అది హోమ్ రన్ కాకూడదు. బాల్టిమోర్ వాళ్ళకి జరిగింది అన్యాయమే. తర్వాత యాంకీస్ అట్లాంటాని 4-2తో ఓడించి, 1978 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ ఫైనల్, గెలిచింది.

[తెర మీద: గోల్డ్ గ్లోవ్ ట్రోఫీ బొమ్మ]

ఒక మాట దాచకుండా చెప్పాలి. జీటర్ ఫీల్డింగ్ గురించిన వాదన 1996తో ఆగలేదు. మేటి ఫీల్డర్లకి ఇచ్చే గోల్డ్ గ్లోవ్ అవార్డులు ఐదు వచ్చాయి. గణాంకాలు విశ్లేషించేవాళ్ళు మాత్రం, పక్కకి వెళ్ళే బంతులకి అతను మిగతా షార్ట్‌స్టాప్‌లంత చేరుకోలేకపోతున్నాడని ఏళ్ళ తరబడి లెక్కలు చూపించారు. మొదట్లో చెప్పిన మెలిక ఇక్కడ తిరగబడింది. కుర్రతనంలో ఎర్రర్లు ఎక్కువ, అయినా మంచి ఫీల్డర్ అన్నారు. అనుభవం వచ్చాక ఎర్రర్లు తక్కువ, అయినా అంత మంచి ఫీల్డర్ కాదన్నారు. నా మటుకు నాకు ఆ విశ్లేషకుల మాటలో నిజం ఉందనే అనిపిస్తుంది. ఆ లెక్కలు ఎలా వేస్తారో వచ్చే వీడియోలో మైదానం బొమ్మ గీసి చూపిస్తాను.