అన్నం ముద్ద దగ్గర ఆగిన చెయ్యి

అందరికీ నమస్కారం. ఈ వర్క్‌షాపు కోసం మీరు పంపిన షార్ట్ ఫిల్ములన్నీ చూసినాను. సగానికి పైగా ఒకటే కథ. టౌనులో ఒక కుర్రోడు. చదువు మధ్యలో ఆగిపోయింటుంది, ఇంట్లో అప్పులుంటాయి, ఎవడో పిలిస్తే పోయి తప్పుడు పనిలో దిగుతాడు. ఈ కథ మీరెందుకు పట్టుకున్నారో నాకు తెలుసు. సీమ అనగానే బయటివాళ్లకు వేటకొడవలి గుర్తొచ్చేట్టు చేసినాయి సినిమాలు. దాని మీద మీకు కోపముంది, నాకూ ఉంది. అయినా మీ ఫిల్ముల్లో సైతం కుర్రోడు కత్తి తీయగానే కెమెరా నేల మీదికి దిగిపోతా ఉంది. వాణ్ణి కింది నుంచి చూస్తా ఉంది. నడక స్లో మోషన్ అయిపోతా ఉంది. ఇందాకటిదాకా మన పక్కింటి పిల్లోడు, ఆ ఒక్క షాట్‌తో పోస్టరైపోతా ఉన్నాడు. నేనీరోజు మాట్లాడేది ఆ షాట్ గురించే.

కొన్నేండ్ల కిందట ఇదే కడపలో, ఏడురోడ్లకు దగ్గర్లో ఒక సందులో చిన్న ఫిల్ము తీసినాం. అంతకుముందెప్పుడూ నటించని పంతొమ్మిదేండ్ల పిల్లోణ్ణి తీసుకున్నాం. మామూలుగా మాట్లాడించినంతసేపు బాగున్నాడు. చేతికి అట్టకత్తి ఇచ్చినాం. అంతే, భుజాలు లేచినాయి, గొంతు బరువెక్కింది, కనుబొమ్మ పైకి పోయింది. అది వాడి ముఖం కాదు, టాకీసుల్లో చూసి దాచుకున్న ముఖం. ఏడు టేకులు తీసినా అదే వచ్చింది. చివరికి కత్తి తీసేసుకొని, “ఆ పని అయిపోయింది నాయనా. ఇంటికొచ్చినావు. అమ్మ అన్నం పెట్టింది, తిను” అన్నాను. పళ్లెం ముందర కూర్చున్నాడు. ముద్ద కలుపుతా కలుపుతా చెయ్యి ఆగిపోయింది. వేళ్లు ముక్కు దగ్గరికి తెచ్చుకొని వాసన చూసుకున్నాడు, గబుక్కున దించేసినాడు. అట్ల చెయ్యమని ఎవరమూ చెప్పలేదు. ఎడిటింగులో కత్తి షాట్లన్నీ తీసేసినాం. ఆ చెయ్యి ఉండిపోయింది.

ఆ పిల్లోడు ముందు చేసినదాన్ని తప్పని కొట్టిపారేయొద్దు. దారి తప్పిన కుర్రోడు నిజంగానే రోజంతా నటిస్తా ఉంటాడు. భయం కనపడకుండా ఎవరి నడకో నడుస్తాడు, ఎవరి మాటో మాట్లాడతాడు. వాడి పాత్ర వేసేవాడు ఆ వేషమూ వేయాల, అది ఎక్కడ జారుతుందో కూడా చూపించాల.

1995లో ఫ్రాన్స్‌లో మాథ్యూ కసోవిట్జ్ ‘లా ఎన్’ అనే సినిమా తీసినాడు. ద్వేషం అని అర్థం. పారిస్ శివార్లలో ఒక కాలనీ, పోలీసుల మీద రగిలిపోతా ఉన్న ముగ్గురు కుర్రోళ్లు, ఒక పగలు, ఒక రాత్రి. విన్సెంట్ కాసెల్ వేసిన విన్జ్ అనే పిల్లోడు అద్దం ముందర నిలబడి, అమెరికా సినిమాలో రాబర్ట్ డి నీరో చెప్పిన డైలాగు ఫ్రెంచిలో చెప్పుకుంటా వేలినే తుపాకీ చేసి చూపిస్తాడు. మన సందులో పిల్లోడు చేసిందీ అదే! రాత్రయ్యేసరికి వాడి చేతిలో నిజం తుపాకీ ఉంటుంది, ఎదురుగా ఒకడు దొరికింటాడు. కాల్చలేడు. పొద్దున అద్దంలో చూసిన ఆ ముఖం ఇప్పుడెంత వెతికినా కనపడదు. ఈ రెండు సీన్లూ పక్కపక్కన పెట్టుకొని చూడండి, నటన గురించి నేను గంట చెప్పేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఆ సినిమాలో కెమెరా పని కూడా అంత శ్రద్ధగా చేసినారు. కాలనీలో ఉన్నంతసేపూ వైడ్ లెన్సు ఎక్కువ. మనుషులూ, వాళ్ల వెనక గోడలూ, మెట్లూ కలిసే కనపడతాయి. వాళ్లు పారిస్‌లో దిగినాక వెనకంతా మసకబారిపోతుంది. దిగిన కాసేపటికే ఒక షాట్ ఉంది. కెమెరా వెనక్కి జరుగుతా ఉంటే జూమ్ దానికి ఎదురు నడుస్తుంది. ముగ్గురూ అంతే సైజులో ఉంటారు, వెనకున్న నగరం మాత్రం మారిపోతుంది. ఈ ఊరు మీది కాదు అని ఎవరూ నోటితో చెప్పరు.

బ్రెజిల్లో ఫెర్నాండో మెయిరెలెస్, కాటియా లుండ్ కలిసి 2002లో తెచ్చిన ‘సిటీ ఆఫ్ గాడ్’ మీలో చాలామంది చూసే ఉంటారు. రియో మురికివాడల పిల్లోళ్లనే తీసుకొని, నెలల తరబడి వర్క్‌షాపులో పెట్టి నటింపజేసినారు. అందుకే డైలాగు అప్పజెప్పినట్టు ఉండదు, ఒకరి మాట మీద ఒకరు పడతా ఉంటారు. కెమెరామన్ సీజర్ షార్లోన్. 1960ల కథ నడిచేటప్పుడు ఎండ పసుపుపచ్చగా, కెమెరా కుదురుగా ఉంటుంది. వాడలోకి మత్తుమందుల వ్యాపారం వచ్చి పిల్లోళ్ల బతుకు అదుపు తప్పేకొద్దీ కెమెరా చేతిలోకొస్తుంది, ఊగుతుంది. మీ ఫిల్ముల్లో మొదటి నిమిషం నుంచే కెమెరా ఊగుతా ఉంది. మొదట్నుంచీ ఊగితే, కథలో నిజంగా ఊగాల్సిన చోట ఏం చేస్తారు?

మన తెలుగులో 1989 నాటి ‘శివ’ను మాట్లాడకుండా ఈ విషయం ముగియదు. సైకిల్ చైను గురించి అందరూ చెప్తారు. నేను చెప్పేది రఘువరన్ గురించి. భవాని అనే రౌడీగా ఆయన గొంతు పెంచడు. పెంచాల్సిన పనిలేదని ఆ మనిషికి తెలుసు, అదే మనల్ని భయపెడుతుంది. ఎస్. గోపాలరెడ్డి కెమెరా స్టెడీక్యామ్ మీద పరుగెత్తింది. కెమెరాను ఆపరేటరు ఒంటికి కట్టుకుంటాడు, మధ్యనున్న స్ప్రింగు చెయ్యి కుదుపులను మింగేస్తుంది. పరుగెత్తేవాడి వెనకాలే మనమూ పరుగెత్తుతాం. మీ దగ్గర అది లేకపోయినా పర్వాలేదు. ఫోన్ రెండు చేతులతో ఛాతీకి దగ్గరగా పట్టుకొని, మోకాళ్లు కొంచెం వంచి నడవండి. మీ కుర్రోడి కన్ను ఎంత ఎత్తులో ఉందో ఫోన్ అంత ఎత్తులో పెట్టండి.

మన జిల్లాకు నటన కొత్త కాదు. 1885లో ‘కీచకవధ’ ఆడింది ఈ జిల్లా సురభి ఊళ్లోనే. ఆ ఊరి పేరే నాటక సమాజానికి వచ్చింది. ఆ నటుల గొంతు చివరి వరసలో కూర్చున్న ముసలమ్మకు అందాల. అది గొప్ప విద్య, నాకు దాని మీద గౌరవముంది. కెమెరా మాత్రం చివరి వరసలో కూర్చోదు. మీ ముఖానికి మూరెడు దూరంలో కూర్చుంటుంది. దానికి మీరు వినిపించాల్సిన పనిలేదు, దాచుకోవాలని చూస్తే చాలు.

ఇంకొక్క మాట, ఇది బతిమాలి చెప్తా ఉన్నా. దెబ్బ పడగానే కట్ చెప్పొద్దండి. ఫ్యాక్షన్ సినిమాల్లో మనుషులు గాల్లోకి లేచి పడినారు. పడినవాళ్లకు పేరు లేదు, వాళ్ల ఇంటి వాకిలి ఎవరూ చూపలేదు. మీరు కెమెరా ఆపకుండా ఇంకో పది సెకన్లు ఉంచండి. కొట్టినవాడి ఊపిరి వినండి. పడినవాడి చెప్పు ఎక్కడ పడిందో చూడండి.

ఇప్పుడొక చిన్న సీను వేస్తాను. 1959లో ఫ్రాన్స్‌వా త్రూఫో తీసిన ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ లోది. దొంగతనం చేసి బాలనేరస్తుల కేంద్రానికి పోయిన పిల్లోణ్ణి మనస్తత్వ నిపుణురాలు ప్రశ్నలడుగుతుంది. ఆమె గొంతే వినపడుతుంది, ముఖం కనపడదు. కెమెరా ఆ పిల్లోడి మీది నుంచి కదలదు. వేషం వేసిన జాన్-పియర్ లియోకు అప్పుడు పద్నాలుగేండ్లు. జవాబులు చాలావరకు సొంత మాటల్లో చెప్పినాడు. మాటలను వదిలేయండి, వాడి చేతులు చూడండి.

తమ్ముడూ, ఆ లైట్లు ఆర్పెయ్. వెనక కూర్చున్న ఆడపిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలున్నాయి.