రింగు పక్కన కూర్చుని రెజ్లింగ్ చూడాలంటే

నమస్తే అండి. రెజ్లింగ్ వీడియో పెట్టిన ప్రతిసారీ మా పాలకొల్లు బాబాయి నుంచి వచ్చే ప్రశ్న ఒకటే. "అదంతా ముందే అనుకుని ఆడేదే కదరా, దానికి టికెట్టు కొనుక్కుని మరీ వెళ్ళడం ఏంటి?" అని. ఈ ప్రశ్న చాలామందికి ఉంటుంది కాబట్టి ముందు దీని సంగతి చూసేసి అసలు విషయంలోకి వెళ్దాం.

అవునండి, ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఇందులో దాపరికం ఏమీ లేదు. 1989లో అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్, అంటే టీవీలో వచ్చే ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ వాళ్ళే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఇది పోటీ కాదు, వినోదం అని చెప్పేశారు. అలా చెబితే బాక్సింగ్ లాంటి ఆటల మీద ఉండే కమిషన్ నిబంధనలు వాళ్ళకి వర్తించవు, అందుకన్నమాట. కానీ ప్లైవుడ్ చెక్కల మీద వెల్లకిలా పడితే నడుముకి తగిలే దెబ్బ మాత్రం నిజమే. ఇంకోటి కూడా ఉంది. ఆ హాల్లో జనం ఎప్పుడు లేచి నిలబడతారో, ఎవరి మీద ఒంటికాలి మీద లేస్తారో, ఎవరిని నెత్తిన పెట్టుకుంటారో ముందే ఎవరూ రాసిపెట్టలేరు. ఇండిపెండెంట్ షోకి వెళ్ళేది అందుకే. అక్కడ మ్యాచ్‌లో సగం పని జనానిదే, ఆ సగం ఎలా చెయ్యాలో ఇవాళ చెప్తాను.

తెర మీద: గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం ఫొటో.

ఇండిపెండెంట్ అంటే ఏంటో ముందు చూద్దాం. 2023 సెప్టెంబర్ 8న డబ్ల్యూడబ్ల్యూఈ హైదరాబాద్ వచ్చింది గుర్తుందా, గచ్చిబౌలిలో? ఆ ఇండోర్ స్టేడియానికి ఉన్నది మన కోనసీమ మనిషి, అమలాపురం ఎంపీగా ఉండి లోక్‌సభ స్పీకర్ అయిన జీఎంసీ బాలయోగి గారి పేరు. ఆ రోజు జాన్ సీనా, సెత్ రోలిన్స్ ఒక జట్టుగా ఆడారు. అది కార్పొరేట్ షో, పెద్ద తెరలు, పెద్ద లైట్లు, సీటు వెనకైతే మనిషి కన్నా తెరే ఎక్కువ కనిపిస్తుంది. అయితే ఆ సెత్ రోలిన్స్ డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్ళకముందు టైలర్ బ్లాక్ అనే పేరుతో చిన్న చిన్న హాళ్ళలో ఆడి, 2010లో రింగ్ ఆఫ్ ఆనర్ ఛాంపియన్ అయ్యాడు. రింగ్ ఆఫ్ ఆనర్ అనేది 2002లో మొదలైన కంపెనీ, సీఎం పంక్, బ్రయాన్ డేనియల్‌సన్ కూడా అక్కడ ఆడి పైకొచ్చినవాళ్ళే.

అలాంటి హాళ్ళూ, వాటిని నడిపే చిన్న కంపెనీలూ, వారం వారం కారేసుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళి ఆడే రెజ్లర్లూ, అదంతా కలిపి ఇండిపెండెంట్ సీన్, ఫ్యాన్స్ ముద్దుగా ఇండీస్ అంటారు. ఫిలడెల్ఫియాలో ఈసీడబ్ల్యూ అనే కంపెనీ పేరు తెచ్చుకున్నది బింగో ఆడుకునే హాల్లో. లాస్ ఏంజెలెస్‌లోని రెసీడాలో పీడబ్ల్యూజీ అనే ఇంకో కంపెనీ ఏళ్ళ తరబడి మాజీ సైనికుల సంఘం హాల్లో షోలు పెట్టింది, ఏసీ సరిగ్గా పట్టని ఆ చిన్న హాలు కోసం జనం వేరే దేశాల నుంచి కూడా వెళ్ళేవాళ్ళు. మన దేశంలో చూస్తే డబ్ల్యూడబ్ల్యూఈలో ఆడిన మన ద గ్రేట్ ఖలీ 2015లో జలంధర్‌లో సీడబ్ల్యూఈ అని కంపెనీ పెట్టాడు, అక్కడే కుర్రాళ్ళకి ట్రైనింగ్, అక్కడే షోలు.

టికెట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ముందు వరుస ఒక రేటు, మిగతాదంతా ఒక రేటు, చాలాచోట్ల ముందు వరుస తప్ప మిగతా సీట్లకి నంబర్లు ఉండవు, ముందొచ్చినవాళ్ళది ముందు. తలుపులు తీసే టైముకి వెళ్ళండి, మ్యాచ్ మొదలయ్యే టైముకి కాదు. పోస్టర్ మీద ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు మారిపోవడం మామూలే, దానికి గొడవపడకండి. పిల్లల్ని తీసుకెళ్ళేటట్టయితే ఫ్యామిలీ షోనా కాదా అని ముందే కనుక్కోండి, ఎందుకంటే డెత్‌మ్యాచ్ అని ఇంకో రకం ఉంది, ట్యూబులైట్లు, ముళ్ళతీగ, నిజం రక్తం. నాకది నచ్చదు, దాన్ని ఇష్టపడేవాళ్ళు ఉన్నారు, కానీ పిల్లలకి మాత్రం అస్సలు వద్దు.

తెర మీద: ఖాళీ రింగు, దగ్గర నుంచి.

న్యూజెర్సీలో మా అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒక హైస్కూల్ జిమ్‌లో షో చూశాను, మా బావని కూడా లాక్కెళ్ళాను. లోపలికి వెళ్ళగానే తెలిసేది ఏంటంటే, రింగు చాలా చిన్నది. టీవీలో చూసేది 20 అడుగుల చదరం, ఇండీస్‌లో 16, 18 కూడా ఉంటాయి. ఇనప ఫ్రేము, దాని మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, ఆ పైన లాగి కట్టిన కాన్వాస్, అంతే. తాళ్ళు చాలా రింగుల్లో తాళ్ళే కావు, రబ్బరు గొట్టం తొడిగిన ఇనప వైరు, దాని మీద వీపుతో పరిగెత్తుకుంటూ పడితే చర్మం మీద వాతలు తేలతాయి. రింగు బిగించిన కుర్రాళ్ళే గేటు దగ్గర టికెట్లు చింపుతున్నారు, వాళ్ళు ఆ కంపెనీ స్కూల్లో ట్రైనింగ్ తీసుకునేవాళ్ళు. మ్యాచ్ దక్కాలంటే ముందు ఆ పనులన్నీ చెయ్యాలి.

మేం కూర్చున్నది రెండో వరుసలో. మొదటి మ్యాచ్‌లోనే ఒకాయన ఇంకొకాయన్ని మూలకి నెట్టి, టీషర్టు పైకి లాగి, ఖాళీ ఛాతీ మీద అరచేత్తో కొట్టాడు. దాన్ని చాప్ అంటారు. టీవీలో ఆ శబ్దం నాకు అలవాటే, కానీ అక్కడ ఆ చప్పుడు గోడకి తగిలి వెనక్కి వచ్చింది, నాలుగో దెబ్బకి ఛాతీ మీద అయిదు వేళ్ళూ విడివిడిగా లెక్కపెట్టొచ్చు. మా బావ ఫోను జేబులో పెట్టేశాడు. "ఒరేయ్, నిజంగానే కొడుతున్నాడేంట్రా" అన్నాడు. నిజంగానే కొడతారండి చాప్‌ని, దాన్ని ఉత్తుత్తిగా కొట్టే పద్ధతి లేదు.

ఇప్పుడు మ్యాచ్ చదవడం. బేసిక్స్ తేలిక, భుజాలు నేలకి ఆనించి మూడు లెక్క పెడితే గెలుపు, పట్టు పట్టినప్పుడు చేత్తో తట్టినా, నోటితో చెప్పినా ఓటమి, తాడు పట్టుకుంటే పట్టు వదిలేయాలి, రింగు బయట ఉండిపోతే రిఫరీ కొన్నిచోట్ల పది, కొన్నిచోట్ల ఇరవై లెక్కపెడతాడు, ఆలోగా లోపలికి రాకపోతే ఓటమి. మంచివాణ్ణి బేబీఫేస్ అంటారు, చెడ్డవాణ్ణి హీల్ అంటారు. హీల్ పని మీకు కోపం తెప్పించడం. వాడు వచ్చి మీ ఊరిని తిడతాడు, మీ టీమ్‌ని తిడతాడు, చిన్నపిల్లాడు చెయ్యి చాపితే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. అప్పుడు మీరు అరవాలి. హీల్ ఎంత బాగా చేశాడన్నది మీరు ఎంత గట్టిగా అరిచారన్న దాన్నిబట్టే తెలుస్తుంది, వాడి నైపుణ్యం చూసి చప్పట్లు కొడితే వాడి పని చెడగొట్టినట్టే.

ట్యాగ్ మ్యాచ్ ఒక్కటి శ్రద్ధగా చూస్తే మొత్తం విద్య అర్థమవుతుంది. ఇద్దరు ఇద్దరు ఆడతారు, ఒకరు లోపల, ఒకరు మూల బయట నిలబడి చెయ్యి చాపుకుని ఉంటారు, చెయ్యి తాకితేనే మనిషి మారాలి. హీల్ జట్టు మంచివాళ్ళలో ఒకణ్ణి పట్టుకుని తమ మూలకి లాక్కుపోయి, రిఫరీ చూడనప్పుడల్లా ఇద్దరూ కలిసి తొక్కేస్తారు. వాడు పాక్కుంటూ వస్తాడు, ఇంకో జానెడు దూరంలో చెయ్యి ఉంటుంది, కాలు పట్టి లాగేస్తారు. మళ్ళీ వస్తాడు, ఈసారి చెయ్యి తాకుతుంది కూడా, కానీ ఆ క్షణంలో రెండో హీల్ రిఫరీతో గొడవ పెట్టుకుని అటు తిప్పేస్తాడు, రిఫరీ చూడలేదు కాబట్టి చెల్లదంటాడు. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్న మా బావ, పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదిగా మాట్లాడే మనిషి, లేచి నిలబడి "నీకు కళ్ళు కనపడట్లేదేంట్రా, తాకింది కదరా!" అని అచ్చ తెలుగులో అరిచాడు. పక్కన ఉన్న అమెరికా ముసలాయనకి భాష రాకపోయినా భావం అర్థమైనట్టుంది, ఆయనా లేచాడు. ఆ తర్వాత నిజంగా ట్యాగ్ పడితే ఆ జిమ్ పైకప్పు లేచిపోయింది. దీన్నే హాట్ ట్యాగ్ అంటారు.

ఆ ట్యాగ్ ఎప్పుడు పడాలన్నది జనాన్ని విని నిర్ణయించుకుంటారు. లోపల ఉన్నవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటూ, చప్పట్లు పెరుగుతుంటే ఇంకాస్త సాగదీస్తారు, జనం చల్లబడుతున్నారనిపిస్తే త్వరగా వేసేస్తారు. మన ఊళ్ళల్లో పద్యనాటకం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. దుర్యోధనుడు పద్యం చివర రాగం అందుకోగానే వెనక నుంచి "వన్స్‌మోర్" అంటారు, ఆయన మళ్ళీ మొదలుపెడతాడు, ఈసారి ఇంకో మెట్టు పైకి వెళ్తాడు. కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో తెలియక కాదు కదా మన తాతలు తెల్లవార్లూ కూర్చున్నది. బాబాయ్, నీ ప్రశ్నకి నా జవాబు ఇదే.

ఇక జనాన్ని వాడుకోవడంలో నేను చూసినవాటిలో గొప్ప ఉదాహరణ మన దేశానిదే. 2016లో ఖలీ వాళ్ళ సీడబ్ల్యూఈ షోలో బీబీ బుల్‌బుల్ అనే హీల్ రింగులో నిలబడి, నాతో తలపడే ఆడది ఎవరైనా ఉందా అని జనానికి సవాలు విసిరింది. జనంలోంచి సల్వార్ కమీజ్‌లో ఒకావిడ లేచి, రింగెక్కి, ఆమెని ఎత్తి పడేసింది. ఆవిడ కవితా దేవి, హర్యానా అమ్మాయి, అదే ఏడాది దక్షిణాసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ బంగారు పతకం తెచ్చుకుంది, ఖలీ దగ్గర ట్రైనింగ్‌లో ఉంది. ఆ వీడియో దేశమంతా తిరిగింది. 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ ఆమెని తీసుకుంది, అక్కడ ఆడిన మొదటి భారతీయ మహిళ ఆమే. మామూలు బట్టల్లో, మామూలు కుర్చీలోంచి లేవడంలోనే ఉంది ఆ బలమంతా.

తెర మీద: ముందు వరుస కుర్చీలు.

కొన్ని జాగ్రత్తలు. ఫైట్ జనంలోకి వస్తే, కచ్చితంగా వస్తుంది, సెక్యూరిటీ చెప్పేదాకా ఆగకండి, బ్యాగు తీసుకుని పక్కకి జరిగిపోండి, కుర్చీ వదిలేయండి, వాళ్ళకి ఆ కుర్చీ కావాలి కూడా. రెజ్లర్ని ముట్టుకోకండి. ఏవీ విసరకండి, జపాన్ షోల్లో రంగు కాగితాల చుట్టలు విసరడం గౌరవం, కానీ అది ఉన్నచోటే చెయ్యాలి. హీల్‌ని ఎంతైనా తిట్టండి, మోసగాడా అనండి, పిరికోడా అనండి, కానీ ఒంటి రంగు, కులం, ఇంట్లో ఆడవాళ్ళు, వీటి జోలికి వెళ్ళకండి. ఆడవాళ్ళ మ్యాచ్ నడుస్తుంటే పిచ్చి కూతలు కూసేవాళ్ళు మీ పక్కన ఉంటే నోరు మూయించండి, ఇది నేను గట్టిగా అడుగుతున్నాను. రిఫరీ రెండు చేతులూ పైకెత్తి ఇంటూ గుర్తు పెట్టాడంటే నిజంగా దెబ్బ తగిలిందని అర్థం, అప్పుడు అరుపులు ఆపేయండి, ఫోను కిందకి దించండి.

ఇంటర్వెల్‌లో రెజ్లర్లు బల్లలేసుకుని కూర్చుంటారు, టీషర్టులు, సంతకం చేసిన ఫొటోలు, స్టిక్కర్లు. ఇండీస్‌లో చాలామందికి పగలు వేరే ఉద్యోగం ఉంటుంది, షోకి ఇచ్చేది కారు పెట్రోలుకీ తిండికీ సరిపోతే గొప్ప, మిగిలేది ఆ బల్ల మీదే. కాబట్టి ఒట్టి సెల్ఫీ దిగి వచ్చేయకండి, ఏదో ఒకటి కొనండి, చిల్లర నోట్లు పట్టుకెళ్ళండి. నేను ఆ చాప్‌లు తిన్నాయన దగ్గర టీషర్టు కొన్నాను. ఛాతీ ఇంకా ఎర్రగానే ఉంది, చిన్న సైజులు అయిపోయాయని సారీ చెప్పాడు. ఇలాంటి బల్లల మీద ఎదిగిన కుర్రాళ్ళే, యంగ్ బక్స్ అనే అన్నదమ్ముల జట్టు, కోడీ రోడ్స్ అనే ఇంకో రెజ్లర్‌తో కలిసి 2018 సెప్టెంబర్ 1న చికాగో దగ్గర ఆల్ ఇన్ అనే షో పెట్టారు, పదివేలకు పైగా టికెట్లు, అమ్మకం పెట్టిన అరగంటలో అయిపోయాయి. మరుసటి ఏడాదే ఏఈడబ్ల్యూ అనే కొత్త రెజ్లింగ్ కంపెనీ పుట్టింది.

మరి మనం ఎక్కడ చూడాలి? పిల్లలో, అక్కచెల్లెళ్ళో అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో లేని ఇల్లు మన గోదావరి జిల్లాల్లో వెతకాలి, ఈసారి వెళ్ళినప్పుడు అవుట్‌లెట్ మాల్ ఒక పూట మానేసి ఆ ఊళ్ళో చిన్న షో ఏదైనా ఉందేమో చూడమనండి. లండన్ అయితే ప్రోగ్రెస్ అనే కంపెనీ వాళ్ళు ఉన్నారు, 2012 నుంచి నడుస్తోంది.

నా అసలు కోరిక మాత్రం ఇక్కడ చూడాలని. సంక్రాంతికి రాత్రికి రాత్రి గ్యాలరీలు, ఫ్లడ్ లైట్లు, ఎల్‌ఈడీ తెరలు నిలబెట్టే ప్రాంతం మనది, మూడొందల కుర్చీల హాలు మనకో లెక్క కాదు. ఒక్కటే చూసుకోవాలి. రింగు నేల మీంచి మూడు నాలుగు అడుగులు, పై తాడు ఇంకో నాలుగు అడుగులు, దాని మీద నిలబడేది ఆరడుగుల మనిషి, అంటే పద్నాలుగు అడుగుల దాకా పైన ఏ సీలింగ్ ఫ్యానూ వేలాడకూడదు. భీమవరం, తణుకు, అమలాపురం, కాకినాడ, నరసాపురం, మీ ఊళ్ళో అలాంటి కల్యాణ మండపం గానీ టౌన్‌హాల్ గానీ ఉంటే కింద రాయండి, ఎత్తు ఎంతో కూడా రాయండి, వీలైతే పైకప్పు ఫొటో పంపండి.