పడవ ఎక్కనివ్వని ప్రభువు

(కడప జిల్లా జమ్మలమడుగులో క్రైస్తవ యువజన శిబిరం చివరి రోజు ఉదయం ఇచ్చిన సందేశం)

ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. పాస్టరు అయ్యగార్లకు, మీ గ్రూపులను చూసుకున్న కౌన్సిలర్లకు, చీకటితోనే లేచి మనకు ఉగ్గాని, బజ్జీ చేసిపెట్టిన అమ్మలకు మరీ వందనాలు.

పదకొండింటికి బస్సులు వస్తాయి. దుప్పట్లు చుట్టేసి, బ్యాగులు సర్దేసి కూర్చున్నవాళ్ళు కనిపిస్తున్నారు. రాత్రి క్యాంప్ ఫైర్ దగ్గర ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళూ కనిపిస్తున్నాయి. "అన్నా, ఇంకో రెండు రోజులు ఉంటే బాగుండు" అని పొద్దున టీ దగ్గర చాలామంది అన్నారు. అందులో తప్పేం లేదు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. బైబిల్లో ఒకాయన ఇంతకన్నా గట్టిగా బతిమాలుకున్నాడు. మార్కు సువార్త 5వ అధ్యాయం తీయండి.

గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య బతికినవాడి కథ మీకు తెలిసిందే. గొలుసులతో కట్టేస్తే తెంపేసుకునేవాడు, రాళ్ళతో ఒళ్ళంతా గాయపరచుకునేవాడు. ప్రభువు ఆయన్ని బాగుచేశాడు. అయితే ఈ అధ్యాయంలో ప్రభువును ఎవరెవరు ఏమేం బతిమాలారో వేలు పెట్టి చూడండి. దయ్యాలు పందుల్లోకి పోనిమ్మని బతిమాలాయి. సరేనన్నాడు. దాదాపు 2000 పందులు పోయాక, ఊరివాళ్ళు భయపడి మా ప్రాంతం విడిచిపొమ్మని బతిమాలారు. దానికీ సరేనని పడవ ఎక్కాడు. చివరికి బాగుపడిన మనిషి వచ్చి, నన్ను నీతో ఉండనివ్వు స్వామీ అని బతిమాలాడు. అందరి మాటా విన్న ప్రభువు ఆయన మాట మాత్రం వినలేదు. నీ ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళు, ప్రభువు నీకు చేసింది వాళ్ళకు చెప్పు అన్నాడు.

ఆ ఇల్లు ఎలాంటిదో ఆలోచించండి. ఆయన్ని కట్టేసింది ఎవరు? ఇంటివాళ్ళో, ఊరివాళ్ళో అయ్యుంటారు. తలుపు తట్టగానే వాళ్ళమ్మ సంతోషంతో తీసిందని నేననుకోను. భయపడి ఉంటుంది. మళ్ళీ ఎప్పుడు తిరగబడతాడో అని కొన్నాళ్ళు కత్తులూ కట్టెలూ దాచిపెట్టి ఉంటారు. ఆయన మారింది ఒక్క పూటలోనే కావచ్చు. వాళ్ళు నమ్మడానికి ఎన్ని రోజులు పట్టిందో మార్కు రాయలేదు. కానీ 7వ అధ్యాయంలో ప్రభువు మళ్ళీ ఆ మనిషి ఉన్న దెకపొలి ప్రాంతం మీదుగా వచ్చినప్పుడు, అక్కడి జనం ఒక చెవిటివాణ్ణి తెచ్చి, వీడి మీద చేయి ఉంచమని వేడుకున్నారు. పొమ్మన్న ప్రాంతంలోనే రమ్మనేవాళ్ళు ఉన్నారు. ఆ మధ్యలో ఒక మనిషి ఇల్లిల్లూ తిరిగాడనే నేను నమ్ముతాను.

రాత్రి మీరు రాసిన నిర్ణయాల కార్డులు కౌన్సిలర్లతో కలిసి ప్రార్థనలో పెట్టాం. నా జీవితం ప్రభువుకే, పూర్తికాల సేవ చేస్తాను, ప్రపంచమంతా సువార్త చెబుతాను అని చాలామంది రాశారు. ఆ మాటలు దేవుడు వింటాడు, నేను తేలిగ్గా తీసుకోను. అయినా నన్ను ఎక్కువసేపు ఆపింది పెన్సిల్‌తో రాసిన ఒక కార్డు. "పెద్దనాయన వాళ్ళింటికి పోతా" అని ఒకే ఒక్క వరుస. 'పెద్దనాయన' అని ముందు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. చేని గట్టు దగ్గర మొదలైన తగాదాలు మన సీమలో ఎంతదూరం పోతాయో మీకు నేను చెప్పాలా? మాటలు ఆగిపోయిన ఇంటి గడప తొక్కడానికి ఎంత ధైర్యం కావాలో, ప్రపంచమంతా తిరగడానికి అంత అక్కర్లేదు.

మీలో కొందరి అమ్మలు కువైట్‌లో వేరేవాళ్ళ ఇళ్ళలో పనిచేస్తున్నారు. వానల్లేక చెనక్కాయ పంట పోయి, కొందరి నాయనలు బెంగళూరులో కట్టుబడి పనులకు పోయారు. వాళ్ళు ఫోన్ చేసినప్పుడు డబ్బులు పంపమని చెప్పి పెట్టేయకుండా, తిన్నావా మా అని అడగండి. మార్పు వాళ్ళకు మొదట వినిపించేది మీ గొంతులోనే.

ఈ నేల మీద విశ్వాసం నడిచిన దారి కూడా ఇంటి దారే. ఇంగ్లాండు నుంచి సువార్త చెప్పడానికి లండన్ మిషన్ వాళ్ళు 1810లో బళ్ళారికి, 1822లో కడపకు వచ్చారు. మన తాతముత్తాతల్లో చాలామంది ఊరి బావిలో చేద వేయనివ్వని వాడల నుంచి వచ్చినవాళ్ళు. ఎన్నోచోట్ల పెద్దమనుషులు కూర్చుని, ఇంటింటా మాట్లాడుకుని, కుటుంబాలకు కుటుంబాలు కలిసి నిర్ణయం తీసుకున్నారు. ఇదే జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రి మంచం పక్కన మొదటిసారి ప్రార్థన విన్న కుటుంబాలున్నాయి. పెద్ద స్టేజీలు, సౌండ్ బాక్సులు అప్పుడు లేవు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, కొందరికి ఇబ్బందిగా ఉన్నా సరే. ఈ శిబిరంలో కర్నూలు వాళ్ళు, అనంతపురం వాళ్ళు, కడప వాళ్ళు ఒకే బంతిలో కూర్చుని సంకటి తిన్నారు. ఎవరిది ఏ వీధి అని ఎవరూ అడగలేదు. ఇంటికి పోయాక? చర్చిలో కూడా మన వాళ్ళు, వాళ్ళ వాళ్ళు అనే లెక్క ఉన్న ఊళ్ళు మనకున్నాయి. పెళ్ళి సంబంధాల దగ్గరికొస్తే ఆ లెక్క ఇంకా గట్టిగా బయటికొస్తుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాయి. మిషన్ల పేర్లు కలిసిపోయినంత తొందరగా వీధులు కలవలేదు. ఆ పని మీ తరానికి మిగిలి ఉంది. వచ్చే ఆదివారం ఎప్పుడూ కూర్చోని వాళ్ళ పక్కన కూర్చోండి, ఆరాధన అయ్యాక వాళ్ళింటికి వెళ్ళి టీ తాగండి.

మా ఇంట్లో ఎవరూ చర్చికి రారన్నా, నేనేం చెయ్యాలి అని ఒక చెల్లెలు అడిగింది. అమ్మా, నువ్వు పోగానే పటాల గురించి, పూజల గురించి గొడవ పెట్టుకోవద్దు. వాళ్ళు భక్తిగా చూసేదాన్ని హేళన చేస్తే నీ ప్రభువు మాట కూడా వినరు. బిందె పట్టు, అంట్లు తోము, తమ్ముడికి లెక్కలు చెప్పు. ఏమైంది నీకు, ఇట్లా మారినావు అని వాళ్ళే అడిగిన రోజున, దాచకుండా, మెల్లగా చెప్పు.

రెండు మూడు వారాల్లో రాత్రి కలిగిన ఆ ఉత్సాహం తగ్గుతుంది. పొద్దున ఒంటరిగా బైబిలు చదివి ప్రార్థించే క్వైట్ టైమ్‌కు లేవబుద్ధి కాదు. సప్లిమెంటరీ పరీక్షల టెన్షన్ ఉంటుంది, పాత స్నేహితుల ఫోన్లు వస్తాయి. అప్పుడు దేవుడు నన్ను వదిలేశాడు అనుకోవద్దు. గెరాసేనుల మనిషి చూస్తుండగానే పడవ వెళ్ళిపోయింది. ఆయన దగ్గర బైబిలు లేదు, చర్చి లేదు, కౌన్సిలర్ లేడు. ప్రభువు చెప్పిన ఒక్క మాట పట్టుకుని ఇంటి వైపు నడిచాడు.

కౌన్సిలర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఈ పిల్లలు మీకు తమ గుండెల్లోది చెప్పుకున్నారు. అది రేపు మీ సంఘంలో ప్రార్థన అంశంగా బయటికి రాకూడదు. పేరు చెప్పకుండా చెప్పినా ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. ఒక బిడ్డను ఎవరైనా కొడుతున్నారనో, తాకరానిచోట తాకుతున్నారనో తెలిస్తే మాత్రం దాచకండి. అది రహస్యం కాదు, ప్రార్థనతో సరిపెట్టే విషయం అంతకన్నా కాదు. చైల్డ్ లైన్ నంబరు 1098, ఆ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఈరోజే ఫోన్ చేయండి. ఆ చేసినవాడు సంఘంలో పెద్దవాడైనా సరే. నిర్ణయం తీసుకుని చేతులెత్తినవాళ్ళు ఎంతమంది అని అయ్యగార్లకు లెక్క రాసి పంపే ముందు, మీ గ్రూపులో ప్రతి ఒక్కరి ఇంటికి ఈ సెలవుల్లోనే ఒక్కసారి వెళ్ళి రండి.

ఇప్పుడు మీ కార్డులు మీకు తిరిగి ఇస్తారు. వెనక్కి తిప్పి, ఇంటికి వెళ్ళగానే మీరు మాట్లాడాల్సిన ఒక్క మనిషి పేరు రాయండి. అమ్మ కావచ్చు, పెద్దనాయన కావచ్చు, రెండేళ్ళుగా మాట్లాడని స్నేహితుడు కావచ్చు. రాసింది మాకు చూపించొద్దు, మీ బైబిల్లోనే పెట్టుకోండి. అందరూ రాశాక అయ్యగారు ప్రార్థన చేస్తారు.