తల్లి ఉంది, బిడ్డ కనపడదు: వాన్ గో 'లా బెర్స్యూజ్'

అందరికీ నమస్కారం. ఈ రోజు చూడబోయే బొమ్మలో తల్లి ఉంది, బిడ్డ లేదు. ఉయ్యాల కూడా లేదు. ఆవిడ చేతుల్లో ఉయ్యాల ఊపే తాడొకటుంది, అంతే. బొమ్మ పేరు 'లా బెర్స్యూజ్'. ఫ్రెంచిలో ఆ మాటకి జోలపాట అనీ అర్థం, ఉయ్యాల ఊపే ఆడమనిషి అనీ అర్థం. వేసింది డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో.

నిజం చెప్పాలంటే, మొదటిసారి చూసినప్పుడు నాకు నచ్చలేదు. అమ్మ బొమ్మ అన్నారు కదా అని చిరునవ్వు వెతికాను. ఈవిడేమో పెదాలు బిగించి, ఎటో చూస్తూ కూర్చుంది. ఇక రంగులు! ఎర్రటి నేల, ఆకుపచ్చ బట్టలు, నారింజ రంగు జడలు, వెనక గోడ నిండా గులాబీ రంగు డాలియా పూలు. బజార్లో చవగ్గా దొరికే అచ్చుబొమ్మలా ఉందేమో అని వాన్ గోనే తమ్ముడు థియోకి రాశాడు. నాకైతే మన పాత క్యాలెండర్లు గుర్తొచ్చాయి.

ఇప్పుడు చేతుల దగ్గరికి జూమ్ చేస్తున్నా, చూడండి. ఒళ్లో రెండు చేతులు, వాటి మధ్య తాడు. గట్టిగా పట్టుకున్నట్టు లేదు. రోజూ చేసే పని కాబట్టి చెయ్యి దాని మానాన అది లాగుతుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది. పిల్లల్ని పెంచిన ఎవరినైనా అడగండి, ఈ కూర్చోవడం ఏంటో చెప్తారు.

ఈవిడ ఆగస్టీన్ రూలాన్. భర్త జోసెఫ్ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో తపాలా ఉద్యోగి. 1888 జూలై చివర్లో వాళ్లకి పాప పుట్టింది. డిసెంబరులో వాన్ గో ఈ బొమ్మ మొదలుపెట్టాడు. అంటే పాపకి ఐదో నెల. ఆ మొహంలో నిద్ర ఎందుకు లేదో ఇక నేను చెప్పక్కర్లేదు!

బొమ్మ సగంలో ఉండగానే, డిసెంబరు 23న, అందరికీ తెలిసిన ఆ చెవి సంఘటన జరిగింది, వాన్ గో తన చెవి తనే కోసుకున్నాడు. ఆస్పత్రి రోజుల్లో కనిపెట్టుకుని ఉన్నది ఈ జోసెఫే. ఆ మతిచెడిన స్థితిలో తను పాట కూడా పాడానని వాన్ గో తర్వాత తోటి చిత్రకారుడు గోగాకి రాశాడు. మామూలప్పుడు ఒక్క ముక్క పాడలేనివాడు, ఈ తల్లి ఏం పాడుతూ ఊపుతుందా అని ఆలోచిస్తూ పాత జోలపాట ఒకటి అందుకున్నాడట.

ఇంతకీ ఎవరి కోసం ఈ జోల? ఐస్‌లాండ్ సముద్రంలో వేటకెళ్లే జాలర్ల కోసం. పడవ గదిలో ఈ బొమ్మ ఉంటే, అలలకి ఊగుతున్న ఆ మగాళ్లకి చిన్నప్పటి ఉయ్యాల గుర్తొస్తుందని ఆయన ఊహ. ఇది తెలిశాకే నాకు బొమ్మ తిరగబడింది. ఉయ్యాల ఫ్రేమ్ బయట ఉంది. ఫ్రేమ్ బయట ఉన్నది ఎవరు? చూస్తున్న మనమే.

దీనికి రెండు పక్కలా పొద్దుతిరుగుడు పూల బొమ్మలు తగిలించాలని కూడా అనుకున్నాడు. 2024లో లండన్ నేషనల్ గ్యాలరీ ఎగ్జిబిషన్‌లో అలాగే పెట్టారు.

ఇదే బొమ్మని మొత్తం ఐదుసార్లు వేశాడు. వాటిలో ఒకటి ఆగస్టీన్ తనకోసం ఎంచుకుంది. మంచి కన్నుంది ఆవిడకి, అన్నిట్లో బాగున్నదే పట్టుకెళ్లిందని థియోకి రాసి, దానికి తీసిపోకుండా ఇంకొకటి వేయడానికి మళ్లీ కూర్చున్నాడు.