సిడ్నీ ఒపెరా హౌస్ ఖర్చు నిజంగా పద్నాలుగు రెట్లు పెరిగిందా?

నమస్కారం. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ పాఠం ఎవరు చెప్పినా సిడ్నీ ఒపెరా హౌస్ ప్రస్తావన వచ్చి తీరుతుంది. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు అవుతుందన్న భవనానికి 10 కోట్ల 20 లక్షలు అయింది. 1963 జనవరికి సిద్ధమవుతుందన్నది 1973 అక్టోబరులో తెరుచుకుంది. ఖర్చు పద్నాలుగు రెట్లు దాటింది, ఆలస్యం పదేళ్ల పైమాటే. అంకెలు నిజమే. వాటిని చెప్పి, అందరూ ముక్కున వేలేసుకున్నాక అక్కడితో ఆపేసే పాఠం మాత్రం నాకు నచ్చదు. స్కోప్, బేస్‌లైన్, డిపెండెన్సీ, క్రిటికల్ పాత్ అని పరీక్షల కోసం బట్టీపట్టే మాటలన్నీ ఆ కట్టడంలో ప్రాణంతో కనిపిస్తాయి. కాబట్టి అక్కడికే వెళదాం.

1957లో డిజైన్ పోటీలో డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ గెలిచారు. ఆయన పంపినవి చాలావరకు ప్రాథమిక చిత్రాలే. వంపు తిరిగిన ఆ పైకప్పు గుల్లలు ఎలా నిలబడతాయో అప్పటికి ఎవరూ తేల్చలేదు. అయినా 1959 మార్చిలో నిర్మాణం మొదలైంది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జోసెఫ్ కాహిల్‌కు ఈ భవనం కావాలి. ఆలస్యం చేస్తే ప్రజల మద్దతు పోతుందేమో, డబ్బు ఆగిపోతుందేమోనని ప్రభుత్వం భయపడింది. పని మొదలైతే ఇక ఎవరూ ఆపలేరు కదా! ఆ ఏడాది అక్టోబరులోనే కాహిల్ కన్నుమూశారు. ఆయన పట్టుదల లేకపోతే ఆ భవనం ఉండేదే కాదేమో, అది కూడా ఒప్పుకోవాలి.

ఇక మాటల దగ్గరికి వద్దాం. ఏమి కడతాం, ఏమి కట్టం అనే హద్దు స్కోప్. ఆ హద్దు తేలాకే పనులను విడగొట్టి, రోజులూ డబ్బూ లెక్క వేస్తాం. ఆ లెక్కను బాధ్యులందరూ చూసి, ఒప్పుకొని, ఇకమీదట దీనితోనే పోల్చుకుందాం అని స్థిరపరిస్తే అది బేస్‌లైన్. మరి ఆ 70 లక్షలు? పైకప్పు ఆకారమే తేలని రోజుల్లో వేసిన అంచనా అది. దానికి బేస్‌లైన్ హోదా ఇచ్చి ఈనాటికీ పద్నాలుగు రెట్లు అంటున్నాం.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది డిపెండెన్సీ, అంటే ఒక పని ఇంకో పని మీద ఆధారపడటం, దాని కథ. పైకప్పు బరువెంతో తెలిస్తే గాని కింద స్తంభాలు ఎంత బలంగా ఉండాలో తెలియదు. ఇక్కడ స్తంభాలే ముందు లేచాయి. ఉట్జన్, ఓవ్ అరూప్ సంస్థ ఇంజనీర్లు కలిసి ఒక ఆకారం తరువాత ఇంకో ఆకారం ప్రయత్నిస్తూ వెళ్లారు. చివరికి 1961లో దారి దొరికింది: గుల్లలన్నీ ఒకే గోళం ఉపరితలం నుంచి కోసిన ముక్కలు కావాలి. వంపు అంతటా ఒకటే కాబట్టి కాంక్రీటు భాగాలను కొన్ని ఉమ్మడి అచ్చుల్లోనే పోతపోయవచ్చు. ఎంత అందమైన పరిష్కారం! అయితే అప్పటికే లేచిన స్తంభాలకు ఆ బరువు మోసే బలం లేదు. వాటిని మళ్లీ కట్టాల్సి వచ్చింది.

ఇక్కడే క్రిటికల్ పాత్ అర్థమవుతుంది. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద సెంట్రింగ్ విప్పేదాకా లోపలి ప్లాస్టరింగ్ మొదలుకాదు. అక్కడ వారం జారితే గృహప్రవేశం కూడా వారం జారుతుంది. ప్రహరీ గోడకు రంగులు వారం ఆలస్యమైనా ముహూర్తం కదలదు. ఆ కదలని వెసులుబాటు పేరు ఫ్లోట్. ఫ్లోట్ సున్నాగా ఉన్న పనుల వరుసే క్రిటికల్ పాత్. ఈ లెక్క పుట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1950ల చివర్లో, అమెరికాలో డూపాంట్ కంపెనీలో. అదే కాలంలో అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే ఇలాంటి పద్ధతినే తయారుచేసుకుంది. ఒపెరా హౌస్‌లో క్రిటికల్ పాత్ తవ్వకాల మీద లేదు, ఇంజనీర్ల డ్రాయింగ్ బల్ల మీద ఉంది. తవ్వకం ముందే మొదలుపెట్టినా భవనం పూర్తయ్యే రోజు దగ్గరపడకపోవడానికి కారణం అదే.

1965లో ప్రభుత్వం మారింది. చెల్లింపుల గొడవ ముదిరి, 1966 ఫిబ్రవరిలో ఉట్జన్ తప్పుకున్నారు. ఆ తరువాత పెద్ద హాలు స్కోప్ మారింది. ఒపెరాకూ కచేరీలకూ కలిపి అనుకున్న హాలును కచేరీలకే కేటాయించారు. అప్పటికే బిగించిన రంగస్థల యంత్రాలను పీకేశారు. ఒపెరా చిన్న హాలుకు వెళ్లింది. దీన్ని స్కోప్ క్రీప్ అనేవాళ్లతో నేను ఏకీభవించను. చిన్న చిన్న అదనపు కోరికలు చడీచప్పుడు లేకుండా చేరిపోతే అది క్రీప్. ఇది అలా కాదు. ఒకే హాలు నుంచి రెండు రకాల ధ్వని గుణం కోరిన స్టేక్‌హోల్డర్ల (ప్రాజెక్టుతో ప్రయోజనం ముడిపడ్డవాళ్ల) మధ్య మొదట్లోనే తేలాల్సిన తగవు, యంత్రాలు బిగించాక తేలింది.

మీ పై అధికారి స్కోప్ తేలకముందే అంకె అడిగితే ఒక్క అంకె ఇవ్వకండి. ఇంత నుంచి ఇంత దాకా అని రెండు అంకెలు ఇచ్చి, ఇంకా తేలని విషయాలను వాటి పక్కనే రాయండి. డిజైన్ తేలిన దశకు మాత్రం కచ్చితమైన మొత్తానికి ఒప్పుకోండి, మిగతా దశలకు ఎప్పుడు అంచనా ఇస్తారో తేదీ చెప్పండి. తరువాతి వీడియోలో ఎర్న్‌డ్ వాల్యూ గురించి, అంటే పెట్టిన ఖర్చుకు తగిన పని జరిగిందో లేదో లెక్కవేయడం గురించి మాట్లాడుకుందాం.