బొటనవేలు ఆగే చోటు
(ఎలక్ట్రిక్ అప్‌రైట్ బేస్ తయారీ గురించి అమలాపురంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, పిల్లలకు నమస్కారమండి.

ఇందాక ఒక పెద్దాయన ఈ బల్ల పక్కన నిలబెట్టిన వస్తువును చూసి "తెడ్డా బాబూ ఇది?" అని అడిగారు. తెడ్డు కాదు గానీ, తెడ్డుకీ దీనికీ దూరపు చుట్టరికం ఉందండి. మా తాతగారు తాళ్ళరేవు వైపు పడవలు కట్టే వడ్రంగుల దగ్గర పని నేర్చుకున్నారు. మా నాన్నగారు ద్వారబంధాలు, తలుపులు చేశారు. వాళ్ళ బాడిసతో, వాళ్ళ చిత్రికతో నేను చేస్తున్నది ఇది. నిలబెట్టి వాయించే ఈ విద్యుత్ తీగ వాద్యాన్ని ఎలక్ట్రిక్ అప్‌రైట్ బేస్ అంటారు.

దీని తల్లి డబుల్ బేస్. మనిషెత్తు ఉండి, వయొలిన్‌కి పెద్దమ్మలా కనిపించే వాద్యం. నాలుగు తీగలు. అన్నిటికన్నా మంద్రంలో మోగే తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది, తర్వాతవి 55, 73, 98. ఒక తీగను షడ్జం అనుకుంటే దాని పై తీగ సరిగ్గా శుద్ధ మధ్యమం. వీణకున్నట్టు మెట్లు ఉండవు. వేలు ఎక్కడ ఆగితే అక్కడే స్వరం.

పాతికేళ్ళ క్రితం రాజోలు వైపు ఒక చర్చిలో డబుల్ బేస్ మెడ విరిగితే అతకమని నన్ను పిలిచారు. నరసాపురానికి మిషనరీలు వచ్చింది 1830ల్లో. అప్పటి నుంచి ఈ గోదావరి పాయల పొడవునా చర్చి పాట ఉంది, పాటతో పాటు వాద్యాలూ ఉన్నాయి. మెడ అతికాను. వాయించే ఆయన అప్పుడొక మాట అన్నారు: "దీన్ని బస్సెక్కించలేను, రేవు దాటించే పంటు మీద నిలబెట్టలేను. మైకు పెడితే గుయ్యిమంటుంది. డొల్ల లేకుండా చేసిపెట్టగలవా?"

ఆ గుయ్యిమనడానికి కారణం డొల్లే, అంటే లోపల ఖాళీగా ఉండే ఆ పెద్ద పెట్టె. స్పీకరులోంచి వచ్చిన మోత పెట్టెను తాకుతుంది, పెట్టె వణుకుతుంది, ఆ వణుకు మళ్ళీ మైకులోకి వెళ్తుంది. ఈ బాధ అమెరికా వాళ్ళకూ తెలుసు. 1930ల్లోనే రికెన్‌బ్యాకర్ వాళ్ళు కర్రలాంటి విద్యుత్ బేస్ ఒకటి చేశారు. 1940ల్లో ఎవరెట్ హల్ అనే బేస్ వాద్యకారుడు వాద్యాన్ని నేల మీద నిలిపే ముల్లులో మైకు దూర్చాడు. ఆంపెగ్ కంపెనీ పేరు ఆ ముల్లు మీదే వచ్చింది. 1951లో లియో ఫెండర్ బేస్‌ను గిటారులా అడ్డంగా తగిలించుకునేలా చేసేసరికి చాలామంది అటు వెళ్ళిపోయారు. నిలబెట్టి వాయించడం మానలేనివాళ్ళ కోసం 1962లో ఆంపెగ్ వాళ్ళే బేబీ బేస్ తెచ్చారు. లాటిన్ అమెరికా నాట్య బృందాలు దాన్ని ఇప్పటికీ వదల్లేదు. చరిత్ర ఇంతకన్నా చాలా ఉంది గానీ నేను పని గురించి చెప్పడానికి వచ్చాను.

డొల్ల తీసేస్తే పని సులువు అవుతుందనుకున్నాను. పెట్టె లేదు, వంచాల్సిన పక్కచెక్కలు లేవు, ఒక కర్ర, నాలుగు తీగలు. అలా కాలేదు. నాలుగు తీగలూ శ్రుతికి తెస్తే మొత్తం లాగుడు దాదాపు 120 కిలోలు ఉంటుంది. రెండు బియ్యం బస్తాల పైమాట. బస్తా అయితే మోసి దించేస్తాం. ఈ లాగుడు రాత్రీ పగలూ ఏళ్ళ తరబడి ఉంటుంది. వింటికి నారి కట్టినట్టే అనుకోండి, కర్ర వంగాలనే చూస్తుంది. పెట్టె ఉన్నప్పుడు ఆ బరువును నాలుగు పక్కలా పంచుకునేది. ఇప్పుడు వెన్నెముక ఒక్కటే.

మా తాతగారు పడవ అడుగున నిలువునా వేసే దూలం గురించి ఒకటి చెప్పేవారు: వెడల్పు చూసి మోసపోకు, నిలువు చూడు. చదువుకున్నవాళ్ళు దాన్నే లెక్కగా చెప్తారు. మందం రెట్టింపైతే వంగని గుణం ఎనిమిది రెట్లవుతుంది. మెడ సన్నగా ఉంటే చేతికి హాయి అని పదోవంతు చెక్కేశామా, ఆ గుణంలో నాలుగోవంతుకు పైగా పోయినట్టే. అందుకే మెడ వెనక చిత్రిక పట్టేటప్పుడు ప్రతి పొరకీ ఆగి చూస్తాను.

వంగడం ఒక్కటే కాదు, వణుకు కూడా ఉంది. కొన్ని వాద్యాల్లో ఒక స్వరం దగ్గర తీగ టక్కుమని మోగి అక్కడే చచ్చిపోతుంది. పక్క స్వరాలు బాగానే ఉంటాయి. మెడకు సొంతంగా ఒక వణుకు ఉంటుంది. తీగ వేగం దానితో కలిసినప్పుడు తీగలోని సత్తువను మెడ తాగేస్తుంది. బిరడాల దగ్గర ఒక ఇనప క్లాంపు బిగించి చూడండి, ఆ మూగ చోటు జరిగిపోతుంది. బరువు పెరిగింది కాబట్టి మెడ వణుకు నెమ్మదించింది. నేను మెడ లోపల నిలువునా గాడి తీసి రెండు కార్బన్ ఫైబర్ కడ్డీలు కూర్చి అతుకుతాను. మూగ చోటు పూర్తిగా పోదు. వాయించేవాళ్ళు తరచుగా ఆగని చోటికి దాన్ని నెడతాను.

ఇప్పుడు నా మొదటి బేస్ కథ చెప్పాలి. ఎనిమిది నెలలు చేశాను. తిన్నగా, నున్నగా, పై నుంచి కింది దాకా ఒకే వెడల్పున వచ్చింది. అందంగా ఉందని ఊళ్ళో అందరూ అన్నారు. ఆ చర్చి ఆయన వచ్చి పట్టుకున్నారు, వాయించారు, అపస్వరం. మళ్ళీ వాయించారు, మళ్ళీ అపస్వరం. నలభై ఏళ్ళు వాయించిన చెయ్యి! శ్రుతి చూశాను, కొలతలు చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన తన ఎడమ చెయ్యి చూసుకుంటూ, "తమ్ముడూ, నా బొటనవేలు ఎక్కడా ఆగట్లేదు" అన్నారు.

డబుల్ బేస్‌లో మెడ వచ్చి పెట్టెలో కలిసే చోట వెనక ఒక వంపు ఉంటుందండి. చెయ్యి కిందికి జారుతూ వెళ్ళి ఆ వంపులో బొటనవేలు తట్టుకుంటుంది. చాలా వాద్యాల్లో అది తట్టుకున్నప్పుడు అన్నిటికన్నా హెచ్చు స్థాయి తీగ మీద చూపుడు వేలు ఎక్కడ పడుతుందో తెలుసా? ఆ తీగను షడ్జం అనుకుంటే పంచమం మీద. తీగ పొడవులో సరిగ్గా మూడోవంతు. తీగ 105 సెంటీమీటర్లుంటే పై నుంచి 35 దగ్గర. మెట్లు లేని వాద్యంలో వాయించేవాడికి అదే మైలురాయి. చీకట్లో మెట్లు దిగేవాడికి గోడ దొరికినట్టు. నేను డొల్లతో పాటు ఆ గోడనూ తీసేశాను.

ఆ రోజు నుంచి కొలతలు తీగ దగ్గర మొదలుపెట్టడం మానేశాను. ముందు మనిషిని నిలబెడతాను. బొటనవేలు ఎక్కడ ఆగుతుంది, ఎడమ మోకాలు ఎక్కడ ఆనుతుంది, పెట్టె భుజం పొట్టకు ఎక్కడ తగిలేది, కమాను పట్టిన చెయ్యి దేనికీ తగలకుండా ఎంత దూరం వెళ్ళాలి, ఇవన్నీ గోడకు తగిలించిన అట్టమీద గీస్తాను. ఈ రెండు కొయ్య రెక్కలు చూడండి, విప్పితే విడిగా వస్తాయి. ఇవి ధ్వని కోసం కాదు. ఒకటి మోకాలికి, ఒకటి పొట్టకు. మెడ వెనక ఈ బుడిపె బొటనవేలికి. శబ్దమివ్వని చెక్కకు ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్ళున్నారు. చేతికి దారి తెలియకపోతే శబ్దం ఎంత బాగుండి ఏం లాభం?

చెక్క సంగతి. వీణకు పనస వాడతారని మీకందరికీ తెలుసు. పనస నాకూ ఇష్టమే, రెక్కలకు, తలకు అదే వాడతాను. వెన్నెముకకు మాత్రం పాత టేకు. పడగొట్టిన మండువా ఇళ్ళ దూలాలు దొరికితే ఎంత దూరమైనా వెళ్తాను. దూలాన్ని మూడు పట్టీలుగా కోయించి, నడిమి దాన్ని తిరగేసి అతికితే ఒకటి వంగాలన్న పక్కకు ఇంకొకటి ఒప్పుకోదు. టేకులో నూనె ఉంటుంది, జిగురు పట్టనివ్వదు. అతికే ముందు థిన్నరు గుడ్డతో తుడిచి వెంటనే అతకాలి. తీగల కింద పలకకు ఇరుగుడు చేవ. మన తాటి చేవతో కూడా ఒక పలక చేసి చూశాను, నల్లటి చారలతో చూడముచ్చటగా ఉంది. కానీ అందులో గట్టి నార మధ్య మెత్తటి పదార్థం ఉంటుంది. ఉక్కు తీగ కింద మెత్తనిది ముందు అరిగి, పలక గరుకుతేలింది. నాకు బాధేసింది, అది మన చెట్టు కాబట్టి.

అరుదైన చెక్క అయితే నాదం దానంతటదే వస్తుందనే మాట నేను నమ్మను. డొల్ల లేదు కాబట్టి ఏ చెక్కయినా ఒకటే అనే మాటా నమ్మను. గట్టిగా ఉండాలి, కుదురుగా ఉండాలి.

కుదురు అన్నది మన కోనసీమలో కష్టమైన సంగతి. శ్రావణ భాద్రపదాల్లో గాలే తడిగుడ్డలా ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్క తన బరువులో దాదాపు 16 శాతం నీరు పట్టి కూర్చుంటుంది. అదే చెక్క హైదరాబాదులో ఏసీ స్టూడియోకి వెళ్తే 9 శాతానికి దిగుతుంది. నార వెంట పెద్దగా మారదు, అడ్డంగా కుంచించుకుంటుంది. నేను పంపిన ఒక వాద్యంలో పలక అంచు అలా మెడ లోపలికి వెళ్ళిపోయింది. తిరిగి తెప్పించి నా ఖర్చుతో మార్చాను. అప్పట్నుంచి వానాకాలంలో కోత, చెక్కుడు చేస్తాను గానీ పలక అతకను.

ఇక విద్యుత్తు. తీగలు ఆనే గుర్రం కాళ్ళ కింద పియెజో బిళ్ళలు ఉంటాయి. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు, అదే ఇది. మొదటిసారి ఈ బిళ్ళ వైరును తిన్నగా ఆంప్లిఫయరుకు కలిపితే మంద్రమంతా మాయమైంది, రేకుడబ్బా మోగినట్టు వినిపించింది. బిళ్ళ చెడిందనుకుని రెండు మార్చాను. చెడింది బిళ్ళ కాదు. చిల్లు కుండలో నీళ్ళు గబుక్కున పోస్తే నిండినట్టు కనిపిస్తుంది, మెల్లగా పోస్తే పోసినంతా కారిపోతుంది. బిళ్ళలో పుట్టిన విద్యుత్తూ అంతే. నెమ్మదిగా ఊగే మంద్ర స్వరాలు కొలిచేలోపు కారిపోతాయి. బిళ్ళ విద్యుత్తును పట్టి ఉంచే శక్తి ఒక నానోఫారడ్ అయితే, అది కారకుండా ఆపే ఆంప్లిఫయరు అడ్డు ఒక మెగోమ్ ఉన్నా సెకనుకు సుమారు 160 కన్నా తక్కువ కంపనాలన్నీ తగ్గిపోతాయి. మన నాలుగు వట్టి తీగలూ ఆ గీతకు కిందే ఉన్నాయి కదా! చిల్లును పదిరెట్లు చిన్నది చేసి, అంటే 10 మెగోముల అడ్డున్న చిన్న ప్రీయాంప్, అంటే ఆంప్లిఫయరుకు ముందుండే చిన్న సర్క్యూట్, వాద్యంలోనే పెడితే గీత 16కి దిగుతుంది. రూపాయల్లో చిన్న పని, చెవికి పెద్ద తేడా.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది ఒక అమ్మాయి కోసం. పొట్టి మనిషి, చిన్న చేతులు. తీగ పొడవు 94 సెంటీమీటర్లకు తగ్గించాను. పొడవు తగ్గితే అవే తీగల లాగుడు ఐదోవంతు తగ్గి వదులుగా కొట్టుకుంటాయి కాబట్టి కాస్త బరువైన తీగలు వేయాలి. మూడోవంతు అంటే 31 సెంటీమీటర్ల 3 మిల్లీమీటర్లు, అక్కడ ఆమె బొటనవేలు పెట్టించి పెన్సిలుతో గీత గీశాను. బుడిపె చెక్కడం అయిపోయింది. ఆ అమ్మాయి వారానికోసారి ఫోను చేసి "ఇంకా ఎన్నాళ్ళు మావయ్యా?" అని అడుగుతోంది. పలక పక్కనే సిద్ధంగా ఉందమ్మా, సంక్రాంతి వెళ్ళి గాలి పొడిబారాక అతుకుతానని చెప్పాను.