పోర్ట్ లూయిస్: రేవు మెట్ల మీది ఊరు

శ్రోతలకు నమస్కారం.

మీ చేతి గడియారాన్ని గంటన్నర వెనక్కి తిప్పండి. అది పోర్ట్ లూయిస్ టైము. హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవికి రాజధాని ఇది. మనం పోర్ట్ లూయిస్ అని రాస్తాం గాని అక్కడివాళ్ళ నోట 'పోర్ లుయి' అని వినిపిస్తుంది. ఆఫ్రికా దేశాల లెక్కలోకి వచ్చే ఈ ఊళ్ళో చెల్లేది రూపాయే. ఉగాదికి దేశమంతా సెలవు.

ఊరు పెద్దదేమీ కాదు. జనాభా లక్షన్నర లోపే. వెనక కొండలు, ముందు సముద్రం. వాటిలో పీటర్ బోత్ అనే కొండ కొన మీద, మొండెం మీద తలకాయ పెట్టినట్టు ఒక బండరాయి ఉంటుంది. ఆగ్నేయం నుంచి వీచే గాలుల్ని ఈ కొండలే ఆపుతాయి. అందుకే ఇక్కడ ఓడలకు నెమ్మది, మనుషులకు ఉక్కపోత.

ఫ్రెంచివాళ్ళు ఈ దీవిని 1715లో తీసుకుని, రేవుకు తమ రాజు లూయీ పేరు పెట్టుకున్నారు. ఊరి రూపురేఖలు మాత్రం 1735లో వచ్చిన గవర్నరు లా బోర్డొనె చలవ. 1746లో సముద్రం మీంచి వచ్చి ఇంగ్లీషువాళ్ళ దగ్గర మద్రాసును లాక్కున్నది కూడా ఈయనే. రేవు ఎదుట పామ్ చెట్ల వరసల దగ్గర ఆయన విగ్రహం ఉంది. గోదాములు, ఆసుపత్రి, నీటికాలువ ఆయన కట్టించాడంటారు. రాళ్ళు మోసింది మడగాస్కర్ నుంచీ ఆఫ్రికా నుంచీ పట్టుకొచ్చిన బానిసలు. వాళ్ళ విగ్రహాలు ఆ చెట్ల కింద లేవు.

1810లో దీవి ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1835లో బానిసత్వం రద్దయింది. బానిసలు వెళ్ళిపోతే చెరకు నరికేదెవరు? తోటల యజమానులకు ఇండియా కనిపించింది. 1834 నవంబరులో 'అట్లాస్' అనే ఓడ 36 మందిని దించింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు నాలుగున్నర లక్షల దాకా ఉంటారు. బీహారువాళ్ళు ఎక్కువ, తమిళులు, మరాఠీలు, మనవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళు చాలామంది కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళకు 'కొరింగీలు' అని పేరు పడింది. ఓడెక్కిన రేవు పేరే వాళ్ళకు ఇంటిపేరయిందన్నమాట.

వాళ్ళంతా దిగిన చోటు ఇప్పటికీ ఉంది, ఆప్రవాసీ ఘాట్. ఒకప్పుడు దాన్ని 'కూలీ ఘాట్' అనేవారు. మనకు కూలి అంటే సాయంత్రం చేతికొచ్చే డబ్బు. అక్కడ అది మనిషికే పేరయింది, పైగా తిట్టయింది. ఓడ దిగి, రాతి మెట్లెక్కి డిపోలోకి వెళ్తే ఒక నంబరు ఇచ్చేవారు. రెండు రోజులు అక్కడే ఉంచి, తర్వాత తోటలకు పంపేవారు. మొదట్లో ఒప్పందం ఐదేళ్ళు, మగవాళ్ళకు జీతం నెలకు ఐదు రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దానికి 'డబుల్ కట్' అని పేరు కూడా పెట్టారు. బానిసత్వం పోయిందని ఎవరైనా గట్టిగా అంటే నాకు ఈ మాట గుర్తొస్తుంది.

డిపోలో కొంత భాగం హైవే కింద పోయింది. మిగిలిన గోడల్నీ మెట్లనీ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇక బజారు. సెంట్రల్ మార్కెట్లోకి వెళ్ళి 'ధోల్ పూరీ' అడగండి. పప్పు ఉడికించి, పొడి చేసి, పిండిలో పెట్టి ఒత్తి కాలుస్తారు. బెల్లం వెయ్యని బొబ్బట్టు అనుకోండి. అందులో కూరా పచ్చడీ చుట్టి కాగితంలో పెట్టిస్తారు, నిలబడి తినెయ్యడమే. 'గాతో పిమాఁ' అని ఇంకోటుంది. పేరుకు ఫ్రెంచిలో మిరపకాయ కేకు, నోట్లో పెట్టుకుంటే మన పప్పు వడ! దగ్గర్లోనే చైనా బజారు, జుమ్మా మసీదు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ మాట్లాడుకునేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష.

షాం ద మార్స్ అనే గుర్రప్పందేల మైదానం 1812 నాటిది. 1968 మార్చి 12న స్వతంత్ర జెండా ఎగిరింది ఆ మైదానంలోనే. గాంధీ దండికి బయలుదేరిన తేదీ అని ఆ రోజును ఎంచుకున్నారు. ఆయన కూడా 1901లో దక్షిణాఫ్రికా నుంచి వస్తూ ఈ దీవిలో కొన్నాళ్ళు ఆగారు.

మన కొరింగీల మనవళ్ళు, మునిమనవళ్ళలో చాలామందికి ఇంట్లో తెలుగు మాట్లాడటం రాదు. కానీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రామభజన పాడతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మారిషస్‌లోనే. అప్పన్నకు మొక్కడం చూస్తేనే వాళ్ళ తాతలు ఏ వైపు నుంచి వెళ్ళారో తెలిసిపోతుంది.

సాయంత్రం ఆఫీసులు మూసేస్తే ఊరు చప్పబడుతుంది. జనం కొండల అవతల, ఎత్తు మీద చల్లగా ఉండే ఊళ్ళకు బయలుదేరతారు. ఇప్పుడు మెట్రో కూడా వచ్చింది. ఉత్తరాన చెరకు తోటల ఊళ్ళకు పోయేవాళ్ళు మాత్రం ఆప్రవాసీ ఘాట్ పక్కనున్న బస్టాండుకు నడుస్తారు. దాని పేరు ఇమిగ్రేషన్ స్క్వేర్.